షట్టరు కింద సుడి

ఫణిభూషణరావు పేరు వింటే నాకు అన్నం సహించదు. ఆయన మైలవరం సీఐగా ఉన్న రోజుల్లో మా నాన్న వేసిన మామిడి తోటలోకి పక్క రైతు కంచె జరిపాడు. విచారణకు వచ్చిన ఈయనగారు ఆ రైతు ఇంట్లోనే కోడికూర తిని, "ఈ భూమి మొదట్నుంచీ అతని అనుభవంలోనే ఉంది" అని రిపోర్టు రాసి జీపెక్కాడు. ఆ ఒక్క ముక్క చాలు, నన్ను పదిహేడేళ్లు కోర్టు వరండాలో కూచోబెట్టడానికి. డీఎస్పీగా రిటైరయ్యాక బెజవాడలో ఏసీ ఆఫీసు పెట్టి ప్రైవేటు డిటెక్టివ్ అవతారం ఎత్తాడు. నాకేమో భవానీపురంలో జిరాక్సు షాపు పైన ఒక గది, ఒక బల్ల, అబ్దుల్ రవూఫ్ అని రాసిన రేకు బోర్డు. తొమ్మిదో తరగతితో బడి మానేసినవాడి ఏజెన్సీ ఇంతకంటే ఎలా ఉంటుంది? ఆయన ఆఫీసు మెట్లు ఎక్కలేనివాళ్లే నా మెట్లు ఎక్కుతారు.

పోలేరమ్మ అలా ఎక్కి వచ్చిందే. పామర్రు అవతల పెదమడుగు లాకుల దగ్గర ఆమె మొగుడు కొండలయ్య లస్కరు. అంటే పై నుంచి ఉత్తర్వు వచ్చినప్పుడల్లా కాలువ షట్టర్లు ఎత్తి దించేవాడు. ఇప్పుడు సబ్‌జైల్లో ఉన్నాడు.

జరిగిందని పోలీసులు చెప్పేది ఇది. పదకొండు రోజుల కిందట ఉదయం ఏడుంబావుకు కొండలయ్య నడిమి షట్టరు ఎత్తాడు. ఎనిమిదింటికి అర కిలోమీటరు దిగువన రైసుమిల్లు రేవులో మణికుమార్ శవం తేలింది. మణికుమార్ ఆ లాకులకు కిందటేడు రిపేర్లు చేసిన కాంట్రాక్టరు వెంకటప్పయ్య దగ్గర సూపర్‌వైజరు. పాతికేళ్ల కుర్రాడు. కళ్లారా చూశానన్నవాడు వెంకటప్పయ్యే. "హెచ్చరిక గంట కొట్టకుండా షట్టరు ఎత్తేశాడు. కింద గోడ మీద నిలబడ్డ కుర్రాడు కాలు జారి నీళ్లలో పడ్డాడు. నేను చూస్తుండగానే తిన్నగా మిల్లు వైపు కొట్టుకుపోయాడు" అని వాంగ్మూలం ఇచ్చాడు.

"గంట కొట్టాడా అమ్మా?" అన్నాను.

"కొట్టాడండి సాయిబుగారూ. ఆ గంట మోతకి మా కోళ్లు గూట్లోకి దూరతాయి. ఆ రోజూ దూరినియ్యి. కోళ్ల సాక్ష్యం చెల్లదంటగా."

ఏడవకుండా అంది. నాకు ఆ మనిషి నచ్చింది.

వెంకటప్పయ్య తన తరఫున ఫణిభూషణరావును పెట్టుకున్నాడు. ఆయన ఊరికే ఉంటాడా? సిద్ధార్థ అనే నీటి ఇంజనీరు చేత కంప్యూటర్‌లో ఆ కాలువ ప్రవాహాన్ని బొమ్మ కట్టించి, షట్టరు దగ్గర పడ్డ మనిషి అరగంట లోపే మిల్లు రేవుకు చేరతాడని వీడియో తయారు చేయించాడు. నీలం, ఎరుపు రంగుల్లో సుడులు తిరిగే ఆ వీడియో చూశాక స్టేషన్లో ఎవరికీ ఇంకో ప్రశ్న తోచలేదు. కంప్యూటర్ చెప్పిందిగా.

ఆ వీడియో తీసుకుని, పోలేరమ్మను వెంటబెట్టుకుని మా అక్క కూతురు ఇష్రత్ దగ్గరికి వెళ్లాను. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. అల్లకల్లోలంగా పారే నీటిని కంప్యూటర్‌లో పారించి, దాన్ని అదుపు చెయ్యడం ఎలాగన్నదే దాని పరిశోధన. ఇంట్లో అందరూ డాక్టరు చదవమంటే ఇది నీళ్లు చదివింది.

"కాలువను నలభై లక్షల గళ్లుగా కోస్తాం మామూ," అంది. "ఒక్కో గడిలో నీళ్లు ఎటు పోతున్నాయి, ఎంత జోరు, ఎంత తిప్పుకుంటున్నాయి అని లెక్క. పక్క గడి నుంచి ఏం వచ్చిందో చూసుకుని ఈ గడి మారుతుంది. అలా సెకనులో వెయ్యో వంతు చొప్పున ముందుకు జరుపుతాం."

"నీళ్లు నీ లెక్క వింటాయా?"

"నెమ్మదిగా పారే నీళ్లు వింటాయి. షట్టరు కింద నుంచి దూకేవి ఎసరు మరిగినట్టు మరుగుతాయి. ఏ చుక్క ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. కానీ సుడి ఎక్కడ నిలబడుతుందో, ఎంత పెద్దదో చెప్పొచ్చు."

వీడియోలో షట్టరు కింద రెండు వరుసల్లో పళ్లలాంటివి కనిపించాయి. అవేంటని అడిగాను.

"కాంక్రీటు దిమ్మలు. షట్టరు కింద గచ్చు మీద కడతారు. ఇరవై రెండు ఉన్నాయి. దూకిన నీళ్లు వీటికి కొట్టుకుని విరిగిపోతాయి. అప్పుడు సుడి పెద్దది కాదు. పడ్డదేదైనా కిందికి పోతుంది."

అంతవరకూ గుమ్మం పక్కన కూచున్న పోలేరమ్మ తెరవైపు మెడ చాచింది. "ఇయ్యి ఎక్కడున్నాయమ్మా?"

"మీ లాకుల కిందే."

"మా లాకుల కిందా? ఏసంకాలం కాలవలు కట్టేశాక లాకుల కింద మడుగుని పంచాయితీవోళ్లు చేపలకి పాట పెడతారు. ఏటా మా తమ్ముళ్లే పాడుకుంటారు. మొన్న వైశాఖంలో కూడా షట్టర్ల మొదల్నుంచి లాగుడు వల లాగారు. అడుగు రాసుకుంటా వచ్చుద్ది వల. ఇన్ని దిమ్మలుంటే పీలికలైపోదూ?"

ఇష్రత్ నా వైపు చూసింది. నేను దాని వైపు చూశాను. వేసవిలో కూడా ఆ గచ్చు మీద బురద నీళ్లు నడుం లోతుంటాయి. కింద ఏముందో కంటికి ఆనదు. వల మాత్రమే తడిమి చూస్తుంది.

"దిమ్మలు తీసేసి లెక్క మళ్లీ వెయ్యి బేటీ."

రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ కాలేజీలో పెద్ద కంప్యూటర్లన్నీ మా కేసు మీదే నడిచాయి. మూడో రోజు ఫోన్ చేసి, "లాకులకు పోదాం మామూ. సీఐని రమ్మను. అందర్నీ రమ్మను," అంది.

*

వంతుల వారీగా నీళ్లు వదిలే కాలం కాబట్టి ఆ ఉదయం షట్టర్లు దించి ఉన్నాయి. సీఐ తెరేసమ్మ గట్టు మీద కుర్చీ వేయించుకోకుండా నిలబడింది. కొత్తగా వచ్చిన ఆఫీసరు. కేసు ముందున్నాయన కట్టి పోయాడు. వెంకటప్పయ్య తెల్లచొక్కా, పక్కన ఫణిభూషణరావు సఫారీ సూటు, ఆయన పక్కన బ్యాగు గుండెలకు హత్తుకుని సిద్ధార్థ. పోలేరమ్మ, ఆమె తమ్ముళ్లు నలుగురూ కాస్త ఎడంగా.

"ఏమయ్యా రవూఫ్, కంప్యూటర్ కూడా నేర్చావట?" అన్నాడు ఫణిభూషణరావు. "తొమ్మిదో తరగతిలో లెక్కలే గదా తప్పింది?"

"లెక్కలు కాదండి, ఇంగ్లీషు. లెక్కల్లో పాసే."

తెరేసమ్మ పెదవి కొంచెం కదిలింది. "అడగాల్సింది అడగండి. పన్నెండున్నరకు నీళ్లు వదలాలి."

నేను మొదట వెంకటప్పయ్య వైపు తిరిగాను. "కాంట్రాక్టరుగారూ, షట్టరు కింద దిమ్మలు మీరే కట్టించారా?"

"నేను కాక మీ తాతా? ఇరవై రెండు దిమ్మలు. డిజైను ఎలా ఉందో అలా."

"ఇప్పుడూ ఉన్నాయి?"

"కాంక్రీటయ్యా అది. బెల్లం కాదు కరిగిపోటానికి."

"కరగదు గాబట్టి ఉన్నాయని రాసుకోవచ్చు గదా?"

వెంకటప్పయ్య ఫణిభూషణరావు వైపు చూశాడు. ఆయన తల ఊపాడు. లేవంటే అక్కడికక్కడే దొంగ పని బయటపడుతుంది. ఉన్నాయంటే ఎవడు దిగి చూస్తాడు? వాళ్ల ధైర్యం అది. "రాసుకోండి," అన్నాడు వెంకటప్పయ్య. స్టేషన్ రైటరు రాసుకున్నాడు.

తర్వాత సిద్ధార్థ. మంచివాడిలాగే ఉన్నాడు. అందుకే మెల్లగా అడిగాను. "సార్, మీరు ఇక్కడికొచ్చి కాలువ చూశారా?"

"నీళ్లు నిండుగా ఉన్నప్పుడు వచ్చాను. కింద కట్టడం డ్రాయింగుల్లోంచి తీసుకున్నాను. అలాగే చేస్తారు."

"ఒకవేళ ఆ దిమ్మలే లేవనుకోండి. మీ వీడియోలో మనిషి మిల్లు దాకా పోతాడా?"

"ఇదంతా ఊహాగానం," అన్నాడు ఫణిభూషణరావు. "మేడమ్, ఈయన టైమ్ వేస్ట్ చేస్తున్నాడు."

"ఆయన్ని చెప్పనివ్వండి," అంది తెరేసమ్మ.

సిద్ధార్థ కళ్లద్దాలు తీసి తుడిచాడు. "పోడు. దిమ్మలు లేకపోతే మొత్తం ఫలితమే మారిపోతుంది. అప్పుడు నా రిపోర్టు ఈ కాలువది కాదు."

అదీ రైటరు రాసుకున్నాడు. నేను పోలేరమ్మ తమ్ముళ్లకు చెయ్యి ఊపాను.

నలుగురూ లుంగీలు ఎగగట్టి దిగారు. షట్టర్ల మొదట్లో వల పరిచి, సీసం గుండ్లు అడుగు తాకేదాకా వదిలి, రెండు కొసలు పట్టుకుని దిగువకు లాగారు. వెంకటప్పయ్య అరచేతులు పంచెకు తుడుచుకున్నాడు. వల గచ్చు పొడవునా మెత్తగా వచ్చింది. ఎక్కడా ఆగలేదు, ఎగరలేదు. గచ్చు దాటించి గట్టుకు లాగితే అందులో గంపెడు జెల్లలు, రెండు బొచ్చెలు, ఒక పాత చెప్పు. ఒక్క కన్ను కూడా తెగలేదు. పెద్ద తమ్ముడు వల ఎత్తి తెరేసమ్మకు చూపించాడు.

"ఇంకోసారి లాగమంటారా మేడమ్?"

"లాగండి. ఈసారి అడ్డంగా."

అడ్డంగా లాగారు. సిద్ధార్థ బ్యాగు గట్టు మీద పెట్టి తనే నీళ్లలోకి దిగాడు. కర్రతో గచ్చంతా పొడుచుకుంటూ ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచాడు. పైకొచ్చి, "ఒక్కటి కూడా లేదు," అన్నాడు. "మేడమ్, నా రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నాను. రాసిస్తాను."

పోలేరమ్మ అప్పటిదాకా నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసేసింది.

తెరేసమ్మ ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతూ పక్కకు వెళ్లింది. అదే సందు చూసుకుని ఫణిభూషణరావు నా భుజం మీద చెయ్యి వేసి తుమ్మచెట్టు నీడకు తీసుకుపోయాడు. పదిహేడేళ్లలో ఆయన నన్ను ముట్టుకోవడం అదే మొదలు.

"బాగా చేశావయ్యా. నిజంగానే చెబుతున్నా. ఇక్కడితో ఆపు. దిమ్మలు కట్టలేదని తేలింది. ఫైన్ కడతాడు, కట్టిస్తాడు. అక్కడితో వదిలెయ్."

"కొండలయ్య?"

"లస్కరు సంగతి నీకెందుకు? సంవత్సరమో రెండేళ్లో. సోమవారం మైలవరంలో నీ అప్పీలు ఉంది గదా. నన్ను సాక్షిగా పిలిచారు. ఆనాడు పొరపాటు రిపోర్టు ఇచ్చాను, తోట రవూఫ్ తండ్రిదే, అని చెబుతాను. రిటైరైనవాణ్ని, నన్నేం చేస్తారు? నీ తోట నీకొస్తుంది."

ఎన్ని రంజాన్ రోజాల్లో దువా చేశానో ఆ మాట కోసం. ఇదే నోటి నుంచి రావాలని. అబద్ధం ఎందుకు, ఒక క్షణం మా నాన్న వేసిన చెట్ల వాసన తగిలింది. మాఘంలో తేనెటీగలు రొద పెట్టే పూత వాసన.

గట్టు మీద పోలేరమ్మ తమ్ముళ్లు వల దులుపుతున్నారు. ఆమె మా వైపే చూస్తోంది. మేం ఏం మాట్లాడుతున్నామో ఆమెకు వినబడదు. చెయ్యెత్తి ఎండకు కళ్ల మీద అడ్డం పెట్టుకుని, నేనెప్పుడొస్తానా అని అంతే.

"ఫణిభూషణరావుగారూ, చెయ్యి తియ్యండి. చొక్కా ఇస్త్రీ నలుగుద్ది."

"ఆలోచించుకో."

"ఆలోచించే చెబుతున్నా."

గట్టు మీదికి వచ్చి, "ఇష్రత్, నీ లెక్క చూపించు," అన్నాను. గొంతు నా గొంతులాగే పలికింది. ఫర్వాలేదనుకున్నాను.

ఇష్రత్ జీపు బానెట్ మీద లాప్‌టాప్ తెరిచింది. దిమ్మలు లేని పెదమడుగు లాకులు. షట్టరు కింద నుంచి నీళ్లు బాణంలా దూసుకొచ్చి, పైకి లేచి, మళ్లీ షట్టరు వైపే బోర్లా పడుతున్నాయి. ఎర్రటి పెద్ద సుడి అక్కడే నిలబడి తిరగలిలా తిరుగుతోంది. అందులో పడేసిన చిన్న నల్ల చుక్క కిందికి పోతుంది, పైకొస్తుంది, వెనక్కి పోతుంది, మళ్లీ కిందికి.

"మూడు వందల సార్లు వేరే వేరే చోట్ల పడేసి చూశాను," అంది. "షట్టరు తెరిచి ఉన్నంతసేపూ రెండు వందల తొంభై సార్లు పైగా బయటికి రాలేదు. వచ్చినవి కూడా గంటలు పట్టాయి. ఆ రోజు షట్టరు మధ్యాహ్నం దాకా దించలేదని రికార్డులో ఉంది."

"మళ్లీ బొమ్మలేనా?" అన్నాడు ఫణిభూషణరావు. "మా బొమ్మ తప్పైతే మీ బొమ్మ ఒప్పెలా అవుద్దమ్మా?"

"నిజమేనండి. అందుకే కాలువనే అడుగుదాం," అంది ఇష్రత్.

అరటి బోదెకు ఇసుక మూట కట్టి తెచ్చాం. నీళ్లలో మునిగిన మనిషిలా ముప్పాతిక మునిగి తేలేట్టు మూట బరువు ఇష్రత్ లెక్కేసి కట్టించింది. తెరేసమ్మ కొత్త లస్కరుకు చెప్పింది. గంట మోగింది. గట్టవతల పోలేరమ్మ ఇంటి కోళ్లు రెక్కలు కొట్టుకుంటూ గూట్లోకి పరుగెత్తాయి. తెరేసమ్మ వాటిని చూసింది. నడిమి షట్టరు ఆ రోజు ఎంత ఎత్తారో అంతే లేచింది. నీళ్లు హోరెత్తాయి.

"వెంకటప్పయ్యగారూ, మణికుమార్ ఎక్కడ నిలబడ్డాడో చూపించండి," అన్నాను.

ఆయన కదల్లేదు. కానిస్టేబులు చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి నడిపించాడు. వాంగ్మూలంలో రాసిన చోటే వేలితో చూపించాడు. బోదెను అక్కడి నుంచే తోశారు.

మునిగింది. పది గజాల అవతల లేచింది. అందరం మిల్లు వైపు చూశాం. బోదె మాత్రం ఒక క్షణం తటపటాయించి, వెనక్కి షట్టరు వైపు ఈడ్చుకుపోయి, మళ్లీ మునిగింది. లేచింది. వెనక్కి పోయింది. మునిగింది. ఇష్రత్ లాప్‌టాప్‌లో నల్ల చుక్కా, కాలువలో పచ్చ బోదే ఒకే ఆట ఆడుతున్నాయి. పావుగంట. అరగంట. ముప్పావు గంట. పోలేరమ్మ చిన్న తమ్ముడు, "ఎల్లదేంట్రా అదీ," అని నవ్వాడు.

సిద్ధార్థ ఇష్రత్ పక్కన నిలబడి తెర చూస్తున్నాడు. "ఏ పద్ధతి వాడారండీ? పెద్ద సుడుల్ని నేరుగా లెక్కకట్టారా?" అని గుసగుసగా అడిగాడు. నాకు ఒళ్లు పొంగింది. నా మేనకోడలు.

నేను వెంకటప్పయ్య ముందుకు వెళ్లాను. "మీరు కళ్లారా చూశారు. తిన్నగా మిల్లు వైపు కొట్టుకుపోయాడన్నారు. ఇది పోవట్లేదే."

"అది బోదె. మనిషి వేరు."

"సరే, మనిషి వేరు. దిమ్మలు లేని సంగతి మణికుమార్ రాసిస్తానన్నాడా?"

"వాడి మొహం. నాకేం తెలుసు?"

"షట్టరు దగ్గర పడలేదు. దిగువన ఎక్కడో పడ్డాడు. ఎక్కడో మీరే చెప్పండి."

"దిగువన ఎక్కడ పడతాడయ్యా?" వెంకటప్పయ్య గొంతు లేచింది. "ఆ షెడ్డు దగ్గర ఒడ్డున మోకాలి లోతు కూడా ఉండదు. తల పగిలితే తప్ప అక్కడ ఎవడన్నా పోతాడా?"

హోరు అలాగే ఉంది. అయినా అందరికీ వినబడింది.

తెరేసమ్మ నెమ్మదిగా దగ్గరికొచ్చింది. "షెడ్డు మాట ఇక్కడ ఎవరన్నారు?"

ఫణిభూషణరావు కళ్లు మూసుకున్నాడు.

"తల పగిలిందని ఎవరన్నారు? పోస్టుమార్టం కాగితం నిన్న సాయంత్రం నా చేతికొచ్చింది. అందులో ఉంది. నేను ఎవరికీ చూపించలేదు. బోదె ఏమంటుందో చూశాక అడుగుదామని పెట్టుకున్నా."

కాంట్రాక్టరు సిమెంటు షెడ్డు లాకులకు దిగువన రెండు వందల గజాల్లో ఉంది. కథంతా లాకుల దగ్గరే నడిచింది గనక అటు ఎవరూ పోలేదు. తాళం పగలగొట్టించింది తెరేసమ్మ. బస్తాల వెనక, టార్పాలిన్ కింద, మణికుమార్ మోటారు సైకిలు. పామర్రు నుంచి నడుచుకుంటూ వచ్చాడని వెంకటప్పయ్య వాంగ్మూలంలో చెప్పిన మనిషి మోటారు సైకిలు. హ్యాండిల్‌కు ఇంకా హెల్మెట్ తగిలించే ఉంది.

వెంకటప్పయ్య అక్కడే సిమెంటు బస్తా మీద కూలబడ్డాడు. "దిమ్మలు కట్టినట్టు సంతకం పెట్టరా అంటే పెట్టనన్నాడు. బతిమాలాను. ఒక్క తోపు తోశాను, అంతే. పార మీద పడ్డాడు," అన్నాడు. తెల్లచొక్కా వెనకంతా బూడిద రంగు అంటుకుంది. ఆయన తనకు తెలియకుండా దులుపుకుంటూనే ఉన్నాడు.

జీపెక్కించే ముందు తెరేసమ్మ పోలేరమ్మ దగ్గరికి వెళ్లింది. "రేపు కోర్టులో కాగితం వేస్తాను. సాయంత్రానికి మీ ఆయన ఇంట్లో ఉంటాడు."

"రేపు సాయంత్రమా అండి?" అంది పోలేరమ్మ. "అయితే ఈ బొచ్చెలు ఉప్పులో పెడతాను. ఆయనకి పులుసు ఇష్టం."

తమ్ముళ్లు వల భుజాన వేసుకుని ఈల వేసుకుంటూ గట్టు దిగారు. ఇష్రత్ లాప్‌టాప్ మూస్తూ, "మామూ, మిగతా లాకుల డ్రాయింగులు కూడా తెమ్మని సీఐ మేడమ్ అడిగారు. ఈయన ఇంకా నాలుగు చోట్ల కట్టాడట," అంది. వంతు నీళ్లు వదిలినప్పుడల్లా ఆ నాలుగు చోట్లా అదే తిరగలి తిరుగుతూ ఉంటుంది, గట్టు మీద పిల్లలు ఈతలు కొడుతూ ఉంటారు. ఆ మధ్యాహ్నమే నాలుగు చోట్లకూ కబురు వెళ్లింది, నీళ్లలోకి ఎవర్నీ దిగనివ్వొద్దని.

ఫణిభూషణరావు కారు తలుపు తీసి నా వైపు చూశాడు. ఓడిపోయిన మొహం ఎలా ఉంటుందో అంత దగ్గరగా చూడ్డం ఒక భాగ్యం. తృప్తిగా చూశాను. దాచుకోలేదు.

"సోమవారం కోర్టులో కలుద్దాం, రవూఫ్."

"తప్పకుండా అండి. ఉతికిన చొక్కా వేసుకునొస్తాను."

వేసుకునే వెళ్లాను. బోనులో నిలబడి ఆయన పదిహేడేళ్ల నాటి మాటే చెప్పాడు, అక్షరం పొల్లుపోకుండా. అప్పీలు కొట్టేశారు. మైలవరం మామిడి తోట, కాపు మీదున్న చెట్లతో సహా, ఎకరం డెబ్బై రెండు సెంట్లు పోయింది.